పదో రీలు

మోటారు వైండింగ్ షాపు,
జూన్ 4

బావమరిదికి,

టోపీ దొర పోయాడు. నిన్నటి పేపర్లో చూసే ఉంటావు. ఎనభై ఆరేళ్ళట. మన తలలు నెరిశాయి గానీ, ఆయన మాత్రం గుర్రం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడనుకున్నాను. ఆయన అసలు పేరు పేపర్లో రెండుసార్లు చదివినా నాకు నోరు తిరగలేదు. మన బెంచీ క్లాసు వాళ్ళు పెట్టిన పేరే నయం.

పేపరువాళ్ళు ఒక పోటీ పెట్టారు. ఆయన కౌబాయ్ సినిమాలన్నింటిలో ఏది గొప్పదో, ఎందుకో పాఠకులు రాయాలట. పొద్దుటి నుంచీ షాపులో ఇదే గొడవ. ఫ్యాను బాగుచేయించుకోవడానికి వచ్చిన లెక్కల మాస్టారు 'గుడ్డి షెరీఫ్' అన్నాడు. చేతిలో పని పక్కన పెట్టి మరీ వాదించాను. మన సినిమాహాల్లో ఆపరేటరుగా పదకొండేళ్ళు ఆయన సినిమాలన్నీ నా చేతుల మీదుగా ఆడాయి. నా ఓటు 'మూడు గుర్రాల బాట'కే. అందులో ఎడారి ఎండ తెర మీద పడగానే ముందు బెంచీల వాళ్ళు కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకునేవారు. నా గది కిటికీలోంచి చూస్తుంటే వరసగా చేతులు లేచేవి. ఇంకే సినిమాకీ జనం అలా చెయ్యగా చూడలేదు.

మీ అక్కని అడిగితే "అన్నిట్లోనూ గుర్రమే బాగా చేసింది" అనేసి లోపలికి వెళ్ళిపోయింది. సినిమా మాట వస్తే ఆవిడ ఆ గదిలో ఉండదు, నీకు తెలిసిందే.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. అందుకే పోటీకి పంపేముందు నీతో తేల్చుకుందామని. తీరిక చూసుకుని రాయి.

మీ బావ


బైండింగ్ షాపు,
జూన్ 15

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం విప్పేముందు రెండుసార్లు తిప్పి చూశాను. ఇన్నేళ్ళలో మీరు నాకు రాసినవన్నీ పెళ్ళిళ్ళో చావులో. ఇదీ చావు కబురే అనుకోండి, కానీ చదువుతూ నవ్వుకున్నాను. పక్కన పుస్తకాలు కుట్టేవాడు ఏమైందని అడిగాడు.

'మూడు గుర్రాల బాట' అంటే మాత్రం నేను చచ్చినా ఒప్పుకోను. మీరు పై గదిలో కూర్చుని చేతులు చూశారు, నేను గేటు దగ్గర నిలబడి మాటలు విన్నాను. సినిమా ఎంత బాగుందో గేటువాడికి బయటికొచ్చే బీడీలు చెబుతాయి. ఆ సినిమాకి ప్రతి ఆటకీ మధ్యలో ఇరవై మంది లేచి వచ్చేవారు. "ఎంతసేపు నడుస్తాడ్రా వీడు, కాళ్ళు నెప్పెట్టవా" అనేవారు.

నా ఓటు 'ఉప్పు మైదానం'కి. నూతి దగ్గర సీను ఒక్కటి చాలు. టోపీ దొర తను కాల్చి చంపినవాడి ఇంటికి వస్తాడు. చచ్చిపోయినవాడి పెళ్ళానికి వచ్చిందెవరో తెలియదు. నూతి గిలక విరిగి ఉంటుంది. ఏమీ మాట్లాడకుండా చొక్కా చేతులు మడిచి గిలక బాగుచేస్తాడు. ఆవిడ గ్లాసుతో నీళ్ళు తెచ్చిస్తుంది. పట్టుకుంటాడు గానీ తాగలేడు. గ్లాసులో నీళ్ళు వణుకుతుంటాయి, ఆ నీళ్ళలో ఆకాశం తునకలు తునకలుగా కనిపిస్తుంది. "మీరెవరు?" అంటుందావిడ. తుపాకీ పేలిన సీన్లన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు.

మన హాలు కాలిపోయాక నేను మళ్ళీ ఏ సినిమాహాల్లోనూ కాలు పెట్టలేదు, ఇంట్లో టీవీలో వచ్చినా లేచి వెళ్ళిపోతాను. అయినా ఆ సీను మాత్రం నిన్న చూసినట్టుంది. ఇప్పుడు చెప్పండి, మీ ఎండ ఎక్కడ, నా గ్లాసెడు నీళ్ళెక్కడ?

అక్కని అడిగానని చెప్పండి.

మీ బావమరిది


ఇల్లు,
జూలై 12

బావమరిదికి,

జవాబు ఆలస్యమైంది. షాపులో పని ఎక్కువేమీ లేదు, ఊరికే రాయలేకపోయాను.

నూతి దగ్గర సీను గురించి నువ్వు రాసింది చాలాసార్లు చదివాను. బాగా రాశావు. ఒకటి అడుగుతాను, చెప్పు. ఆవిడ "మీరెవరు" అని అడిగాక అతనేమంటాడు?

మీ బావ


బైండింగ్ షాపు,
జూలై 20

బావగారికి నమస్కారాలు.

ఏంటండీ, ఆపరేటరు గేటువాణ్ణి కథ అడుగుతున్నాడు? లోకం తిరగబడింది.

ఏమీ అనడు. గ్లాసు నూతి గట్టు మీద పెట్టి, టోపీ సర్దుకుని, గుర్రమెక్కి వెళ్ళిపోతాడు. గొప్పతనమంతా అక్కడే ఉంది. మామూలు హీరో అయితే పెద్ద ఉపన్యాసం ఇచ్చేవాడు. దొర నోరు విప్పడు. నేను గేటు కర్టెన్ సందులోంచి ఎన్నిసార్లు చూశానో.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. జిగురు ఆరడం లేదు, కుట్టిన పుస్తకాలు అట్టలు లేచిపోతున్నాయి. మా ఆవిడకి మోకాళ్ళ నెప్పులు అలాగే ఉన్నాయి. చిన్నదానికి సంబంధం ఒకటి వచ్చి తప్పిపోయింది. పోటీ గడువు ఎప్పటిదాకా? 'గుడ్డి షెరీఫ్' మాస్టారు ఇంకా వస్తున్నాడా? ఆయన్ని కూడా మనవైపు తిప్పండి.

మీ బావమరిది


ఇల్లు,
ఆగస్టు 2

బావమరిదికి,

పోటీ గడువు అయిపోయింది. నేను పంపలేదు.

నీకు ఒక సంగతి గుర్తు చెయ్యాలి. 'ఉప్పు మైదానం' మన హాలుకి సోమవారం వచ్చింది. పెట్టెలో పదో రీలు లేదు. మూడు రోజులు తొమ్మిది అవగానే పదకొండు వేశాను. జనం గోల చేశారు, ఒకడు నా కిటికీ మీదికి చెప్పు కూడా విసిరాడు. గురువారం పొద్దున్న ఆ రీలు బస్సులో వచ్చింది. ఖాళీ హాల్లో నేనొక్కణ్ణే వేసి చూసుకున్నాను. మ్యాట్నీలో మొదటిసారి జనానికి వేశాను. సగం తిరిగేసరికి తెర వెనక స్పీకరు తీగల దగ్గర మంట లేచింది. సినిమా, హాలు అన్నీ ఆ పూటతో అయిపోయాయి.

నూతి సీను పదో రీల్లో ఉంది. దాన్ని నువ్వు ఎన్నోసార్లు చూసే వీలు లేదు. ఆ ఒక్క మ్యాట్నీలోనే చూడాలి. ఆ మ్యాట్నీలో ఇంటర్వెల్ అయ్యాక సైకిల్ స్టాండులో ఉన్నానని నువ్వు విచారణలో చెప్పావు. పక్క తలుపు తాళంచెవి ఇంటర్వెల్లోనే మా బావ చేతికిచ్చేశానని చెప్పావు.

ఎవరో చెప్పగా విని ఉంటావని నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను. కానీ ఆ గ్లాసులో ఆకాశం ఎవరు చెబుతారు? అది హాల్లో కూర్చుని తెరకేసి కన్నార్పకుండా చూసినవాడికే తెలుస్తుంది. మొదటి ఉత్తరంలో నువ్వు ఆగింది కూడా జనం ఆగిన చోటే. "మీరెవరు" అని ఆవిడ అడిగింది. అప్పుడే మంట. అతను గుర్రమెక్కి వెళ్ళిపోడు. ఆవిడకి జవాబు చెబుతాడు. పొద్దున్న నేను చూశాను.

తాళంచెవి నాకివ్వలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. వైరింగ్ చూసుకోవాల్సింది నేను, ఆ తప్పు నాది, దానికి శిక్ష వేస్తే వేశారు. కానీ మన వీధి కాంపౌండరు భార్య పోయింది మంటకి కాదు, తాళం వేసి ఉన్న ఆ పక్క తలుపుకి. ఆ తలుపుకి కూడా కలిపే నేను రెండేళ్ళు లోపలున్నాను. నువ్వు పందొమ్మిదేళ్ళవాడివి, మంట చూసి హడలిపోయి పారిపోయావనుకున్నాను. మీ అమ్మ పోయాక మీ అక్క నిన్ను తన అన్నం ముద్దలు పెట్టి పెంచింది. నిన్ను జైలుకి పంపితే ఆవిడ బతకదనుకున్నాను. అందుకే నోరు మూసుకున్నాను. భయపడ్డ పిల్లవాడి కోసం అనుకుంటే అదంత బరువుగా లేదు.

నువ్వు తలుపుకి తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని, లోపల కూర్చుని సినిమా చూస్తున్నావని నాకు తెలియదు.

ఇంతకంటే రాయలేను.

మీ బావ


బైండింగ్ షాపు,
ఆగస్టు 19

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. చొక్కా జేబులోనే తిరుగుతోంది. ఈ ఉత్తరం మీరొక్కరే చదవండి. అక్కకి చూపించకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.

మీరు రాసినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. టిక్కెట్టు లేకుండా జనం దూరుతున్నారని యజమాని పక్క తలుపుకి తాళం వెయ్యమన్నాడు. వేసినా, తాళంచెవి పట్టుకుని అక్కడే నిలబడాలన్నాడు. మూడు రోజులూ జనం పదో రీలు ఏది, పదో రీలు ఏది అని నా ప్రాణం తీశారు. గురువారం అది వచ్చిందని మీరే చెప్పారు. ఐదు నిమిషాలు చూసి వచ్చేద్దామని వెళ్ళి ముందు బెంచీ చివర కూర్చున్నాను. ఆవిడ నీళ్ళు తెచ్చింది. నేను గేటువాణ్ణన్న సంగతే మర్చిపోయాను.

తెర కింది అంచు నల్లబడటం మొదట చూసింది నేనే అనుకుంటాను. అదీ సినిమాలో భాగమనుకున్నాను. తర్వాత అందరూ లేచారు. పెద్ద గేటువైపు తోసుకుంటూ పోయారు, నేనూ వాళ్ళలో కలిసిపోయాను. కొందరు పక్క తలుపువైపు వెళ్ళడం చూశాను. తలుపు కొడుతున్న చప్పుడు బయటికి వచ్చాక కూడా వినిపించింది. తాళంచెవి జేబులో తొడకి గుచ్చుకుంటూనే ఉంది. వెనక్కి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ముప్పై ఒక్క ఏళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. మర్నాడు తాళంచెవి కాలవలో పారేశాను.

విచారణలో మీ పేరు చెప్పాలని వెళ్ళలేదు. "తాళంచెవి ఎవరి దగ్గరుంది" అని అడిగారు. నా దగ్గర లేదన్నాను. "మరెవరి దగ్గర" అన్నారు. మీ గది మెట్లు ఆ తలుపు పక్కనే ఉండేవి. నోట్లోంచి మీ పేరు వచ్చేసింది. మీరు కాదంటారనుకున్నాను. మీరు నావైపు చూసి తల దించుకున్నారు. మీరు ఆ రోజు కాదని ఉంటే నేను ఒప్పేసుకుని ఉండేవాణ్ణి. ఇది మీమీద నెట్టడానికి రాయడం లేదు. మీకు చెప్పాల్సినవన్నీ చెప్పేస్తున్నాను కాబట్టి ఇదీ చెప్పాను.

ఏం చెయ్యమంటారో చెప్పండి. చేస్తాను.

మీ బావమరిది


ఇల్లు,
సెప్టెంబరు 1

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావ చదవలేదు. నేను చదివాను. సోమవారం ఆయన కంటికి ఆపరేషన్ అయింది. కట్టు కట్టారు, రెండో కన్ను సరిగ్గా ఆనదు. ఉత్తరం వచ్చిందంటే ఆయన మొదట "పక్కన పెట్టు, తర్వాత చూసుకుంటా" అన్నాడు. నేను అప్పటికే విప్పాను. 'అక్కకి చూపించకండి' అన్న ముక్క మొదట్లోనే ఉంది. అదీ పైకే చదివాను. ఆయన "ఆపు" అన్నాడు. ఆపలేదు. చివర నీ సంతకం దాకా చదివి, మడిచి కవర్లో పెట్టి, వెళ్ళి పొయ్యి మీద పాలు దించాను. అప్పటికే సగం పొంగిపోయాయి.

ఏడుస్తూ రాస్తున్నాననుకోకు. నాకు ఏడుపు రావడం లేదు.

ఆ రోజు కాంపౌండరు భార్యకి నా సినిమా పాసు ఇచ్చింది నేను. నాకు తలనెప్పిగా ఉంది, వదులుకోవడమెందుకు నువ్వు వెళ్ళు అన్నాను. ఆవిడ తన ఏడేళ్ళ కూతుర్ని నా దగ్గర పడుకోబెట్టి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆ పిల్ల నిద్ర లేచి అమ్మేదని అడిగింది నన్నే. ఈ సంగతి మీ ఇద్దరికీ తెలుసు. తెలిసే మీరిద్దరూ ఊరుకున్నారు.

ఆయన జైలు నుంచి వచ్చిన రోజు అన్నం పెట్టి అడిగాను, ఆ తాళంచెవి మీ దగ్గర ఉందా అని. "ఏమో" అన్నాడు. ఆ ఏమోతో దాదాపు ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. ఆయన పక్కన పడుకున్న ప్రతి రోజూ ఈ మనిషి ఆ తలుపు తీసి ఉంటే అనుకున్నాను. నా కోసం నిన్ను కాపాడానని ఆయన ఇప్పుడంటున్నాడు. నేను అడిగానా కాపాడమని? నువ్వు ఆయన చాటున దాక్కున్నావు, ఆయన నా చాటున దాక్కున్నాడు. నాకేం తెలియాలో, ఏం తెలియకూడదో మీ ఇద్దరూ తేల్చేసుకున్నారు. మధ్యలో నేను ఎలా బతికానో ఒక్కడూ అడగలేదు.

ఏం చెయ్యమంటారని రాశావు. నేను చెబుతాను. శనివారం పొద్దున్న తొమ్మిది గంటల బస్సుకి రా. మన ఇంటికి కాదు. బస్టాండులో ఉంటాను. ఆ పిల్ల ఇప్పుడు టైలరింగ్ షాపు పెట్టుకుంది, మార్కెట్ వెనక సందులో. అక్కడికి తీసుకెళతాను. నీ నోటితో నువ్వు చెప్పు.

మీ అక్క


బైండింగ్ షాపు,
సెప్టెంబరు 10

బావగారికి నమస్కారాలు.

అక్క మీకు ఏమీ చెప్పి ఉండదనిపించింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఈ ఉత్తరం కూడా అక్కే చదువుతుందేమో. చదవనీండి.

బస్టాండులో అక్క ఉంది. ముందు నడిచింది, నేను వెనక నడిచాను. షాపు చిన్నది. రెండు మిషన్లు, గోడకి వేలాడుతున్న స్కూలు యూనిఫారాలు. ఆవిడ అప్పుడే నెరుస్తున్న జుట్టు వెనక్కి దువ్వుకుని, కళ్ళజోడు పెట్టుకుని మిషను తొక్కుతోంది. పోలిక వాళ్ళమ్మదే, నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

అక్కని చూసి ఆవిడ మొహం గట్టిపడింది. "ఏం కావాలండీ?" అంది.

"మా తమ్ముడు నీతో ఒక మాట చెప్పాలి. నీకు పనుంటే చేసుకుంటూనే విను," అంది అక్క.

ఆవిడ మిషను తొక్కుతూనే ఉంది. నేను నిలబడే చెప్పాను. పక్క తలుపు దగ్గర ఉండాల్సింది నేనన్నాను. లోపల కూర్చుని సినిమా చూస్తున్నానన్నాను. తాళంచెవి నా జేబులో ఉందన్నాను. అక్కడ మిషను ఆగింది. మా బావకి ఇచ్చానని అబద్ధం చెప్పానన్నాను. ఆవిడ చేతిలో బట్ట అలాగే పట్టుకుని ఉంది. కుట్టు వంకరపోయింది.

తర్వాత అక్కవైపు తిరిగింది. "చిన్నప్పుడు స్కూలుకి వెళుతూ రోజూ మీ గుమ్మం మీద ఉమ్మేసి వెళ్ళేదాన్ని. మీకు తెలుసా?"

"తెలుసు. నేనే కడిగేదాన్ని," అంది అక్క.

"ఎప్పుడూ అరవలేదే."

"నీకు కోపం ఉంటుంది కదా."

ఆవిడ కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుంది. తర్వాత నన్ను అడిగింది, తిట్టలేదు బావా, అడిగింది. "అమ్మ ఆ రోజు చూసిన సినిమా ఏంటి? మా నాన్న బతికున్నన్నాళ్ళూ సినిమా మాట ఎత్తనివ్వలేదు. కథేంటో కూడా నాకు తెలీదు."

చెప్పాను. ఉప్పు పేరుకుపోయిన ఆ తెల్లటి మైదానం దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. మీతో వాదించడానికి గుర్తుచేసుకున్నవన్నీ అక్కడ పనికొచ్చాయి. వాళ్ళమ్మ కూర్చున్నది ఎడమవైపు మూడో వరస. నవ్వొచ్చే చోట ఆవిడ నవ్వడం గేటు దగ్గరికి వినిపించింది. ఆవిడ నవ్వు గట్టిగా ఉండేది, అదీ చెప్పాను. కూతురు తల ఊపింది. గిలక బాగుచెయ్యడం, నీళ్ళు తేవడం, "మీరెవరు" అనడం. అక్కడ ఆగాను.

"ఆయనేమన్నాడు?"

"నాకు తెలీదమ్మా. అప్పుడే మంటలొచ్చాయి. మీ అమ్మ కూడా అంతవరకే చూసింది."

"ఎవరికీ తెలీదా?"

"మా బావ ఒక్కడే చూశాడు. పొద్దున్న, ఖాళీ హాల్లో."

ఆవిడ వంకరపోయిన కుట్టు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే అంది, "మిమ్మల్ని నేను క్షమించలేను. మళ్ళీ ఈ షాపుకి రాకండి." దణ్ణం పెట్టి బయటికొచ్చాను.

అక్క నన్ను బస్సెక్కించింది. బస్సు కదిలేదాకా నిలబడింది.

ఈ ఉత్తరంతో ఇంకో కాగితం పెట్టాను. జరిగిందంతా రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించాను. మా ఆవిడకీ పిల్లకీ చెప్పే పెట్టాను. పోలీసులకిస్తారో, పేపరుకిస్తారో, ఆ వీధిలో ఇంటింటికీ చూపిస్తారో మీ ఇష్టం. ఏం వచ్చినా కాదనను.

ఇంకొక్క మాట. నేను గుమ్మం దిగాక ఆవిడ అక్కని వెనక్కి పిలిచింది. నేను సందులో నిలబడి విన్నాను. అక్క ఆపరేషన్ సంగతి చెబితే, మీ కంటి కట్టు ఎప్పుడు విప్పుతారని అడిగింది. మంగళవారాలు షాపు ఉండదట. ఆ రోజు మిమ్మల్ని తీసుకురమ్మంది. మీరు కూర్చోడానికి బట్టలన్నీ తీసి ఒక కుర్చీ ఖాళీ చేస్తానంది.

మీ బావమరిది